కాలింగ్ బెల్లుకు ఆకలి

మా ఇల్లు తెనాలిలో ఒక సందు మొదట్లో ఉన్నది. గేటు స్తంభానికి అరచేయంత నల్లని పెట్టె ఒకటి బిగించి ఉంటుంది. దానికి పైన ఒక గాజు కన్ను, కింద ఒక గుండ్రని మీట. ఎవరైనా మీట నొక్కితే ఇంట్లో గంట మోగుతుంది. అంతే కాదు, వచ్చినవారి బొమ్మ నా ఫోనులో కనిపిస్తుంది. ఉన్నచోటనే ఉండి వారితో మాట్లాడవచ్చు కూడా. దీన్ని వీడియో డోర్‌బెల్ అంటారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

సంక్రాంతి పండుగకు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు మా అబ్బాయి దీన్ని బిగించాడు. "నాన్నా, మీరూ అమ్మా ఇద్దరే ఉంటారు. ఎవరు వచ్చారో చూడకుండా తలుపు తీయకండి," అన్నాడు. ఈ బెల్లుకు గోడలోనుంచి తీగ ఏదీ రాదు. లోపల ఒక బాటరీ ఉంటుంది. అందులో శక్తి అయిపోవచ్చినప్పుడు దాన్ని ఊడదీసి, చార్జింగు పెట్టి, మళ్లీ అమర్చాలి. "ఆరు నెలల దాకా వస్తుందని పుస్తకంలో రాసి ఉన్నది," అని చెప్పి వాడు వెళ్లిపోయాడు.

నేను లెక్కల పంతులుగా ఉద్యోగం మొదలుపెట్టి, హెడ్మాస్టరుగా విరమించినవాణ్ణి. జనవరి నుంచి వేళ్లమీద ఆరు నెలలు లెక్కపెట్టి, జూలైలో చూసుకోవచ్చు ననుకున్నాను. లెక్క సరిగానే ఉన్నది. కాని ఆ లెక్క బాటరీకి తెలియదు గదా!

ఏప్రిల్ ఆఖరున ఒక రోజు ఫోనులో ఎర్ర గుర్తు కనిపించింది. బెల్లులో బాటరీ తక్కువగా ఉన్నదని దాని అర్థం. "ఇంకా జూలై రాలేదే," అనుకుని దాన్ని తుడిచేశాను. నాలుగు రోజుల తరువాత మళ్లీ అదే గుర్తు. "రేపు చూద్దాం," అనుకున్నాను. "రేపు రాసుకొస్తానండీ," అన్న పిల్లలను ముప్ఫై ఏళ్లపాటు బెంచీ ఎక్కించినవాణ్ణి నేను!

మే నెల రెండో వారం. శుక్రవారం మధ్యాహ్నం. వేసవి సెలవులకు వచ్చిన మా మనుమరాలిని వెంటబెట్టుకుని మా ఆవిడ తన చెల్లెలి ఇంటికి వెళ్లింది. నేను భోజనం చేసి, వెనక గదిలో కూలరు పెట్టుకుని నిద్రపోయాను. నాలుగు గంటలకు లేచి గేటు దగ్గరికి వెళితే అక్కడ ఒక గుడ్డసంచీ వేలాడుతున్నది. అందులో ఆరు రసాలు, మూలలకు పసుపు రాసిన ఒక శుభలేఖ ఉన్నవి. శుభలేఖ చూడగానే నాకు ఎవరు వచ్చారో తెలిసిపోయింది.

ఆయన మా బడిలో బంట్రోతుగా పనిచేసినవాడు. బడి వసారాలో వేలాడే రైలు పట్టా ముక్కను ఇనప కడ్డీతో కొట్టి గంటలు మోగించేవాడు. పిల్లలందరూ ఆయనను "గంటల తాత" అని పిలిచేవారు. నాకంటె పదేళ్లు పెద్దవాడు. నేను కొత్తగా బడిలో చేరిన రోజున నా తరగతి ఎక్కడో చూపించినది ఆయనే. ఇప్పుడు భట్టిప్రోలు దగ్గర తన పల్లెలో ఉంటున్నాడు. మనుమరాలి పెళ్లికి నన్ను పిలవడానికి ఆ మండుటెండలో రైలెక్కి వచ్చాడన్నమాట.

పక్కింటి అమ్మాయి గేటు దగ్గరికి వచ్చి, "తాతగారూ, ఒక పెద్దాయన మీ బెల్లు చాలాసార్లు నొక్కారు. గేటు కూడా తట్టారు. ఆ వేపచెట్టు కింద అరగంట కూచున్నారు. మా అమ్మ మంచినీళ్లిచ్చింది," అని చెప్పింది.

"ఏమైనా అన్నారా, అమ్మా?" అని అడిగాను.

ఆ పిల్ల కాస్త తటపటాయించింది. "ఈ బెల్లులో మనిషి కనిపిస్తాడట గదా, అని అడిగారు. కనిపిస్తాడని చెప్పాను. 'అయితే మేష్టారు నన్ను చూసే ఉంటారు. తీయలేదంటే ఏదో పనిలో ఉన్నారు కాబోలు,' అని సంచీ తగిలించి వెళ్లిపోయారు," అన్నది.

ఈ మాటతో నాకు కాళ్లలో సత్తువ పోయినట్లయింది. మామూలు గంట మోగకపోతే, "పాపం, వినపడలేదేమో," అనుకుంటారు. చూసే గంట మోగకపోతే, చూసి కూడా తలుపు తీయలేదనుకుంటారు! గంటల తాత అలా అనుకునే వెళ్లాడు. శుభలేఖ మీద ఉన్న నంబరుకు ఫోను చేశాను. ఆయన కొడుకు ఏదో బజారులో ఉన్నాడు. "నాన్న పిలుపులకు తిరుగుతున్నాడండీ. చెబుతాను లెండి," అని పెట్టేశాడు. పెళ్లి ఇంకా పదహారు రోజులున్నది. ఆ పదహారు రోజులూ నా మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉన్నది.

సాయంత్రం మా ఆవిడా, మనుమరాలూ వచ్చారు. మనుమరాలు ఏడో తరగతి చదువుతున్నది. జరిగినదంతా విని, "ముందు దానికి అన్నం పెడదాం, తాతయ్యా!" అన్నది.

మేము బాటరీ తీస్తుండగా, కరెంటు పని తెలిసిన ఒక పొరుగాయన వచ్చి మంచి ఉపాయం చెప్పాడు. "మీ పాత బెల్లు తీగలు స్తంభంలోనే ఉన్నవి గదా! వాటిని దీనికి కలిపేస్తే చార్జింగు బెడదే ఉండదు," అన్నాడు. వినడానికి బాగానే ఉన్నది. కాని మనుమరాలు అప్పటికే పుస్తకం తెరిచి చదువుతున్నది. మా బెల్లుకు తీగలు కలపాలంటే ఆ తీగలలో 8 నుంచి 24 వోల్టుల కరెంటు మాత్రమే ఉండాలని అందులో రాసి ఉన్నది. మన ఇళ్లలో పాత కాలింగ్ బెల్లులు చాలావరకు 230 వోల్టుల మీదనే పనిచేస్తాయి. వాటిని నేరుగా కలిపితే బెల్లు కాలిపోవడమే కాక, మనిషికి ప్రాణాపాయం కూడా. మధ్యలో వోల్టులను తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టించాలి. అది తెలిసినవారు చేయవలసిన పని. పొరుగాయన పుస్తకం చూసి, "మంచిదే చదివావమ్మా!" అని ఒప్పుకున్నాడు.

ట్రాన్స్‌ఫార్మరు పెట్టించినా ఇలాంటి బెల్లులో బాటరీ మాత్రం ఉండవలసిందే. పని చేసేది బాటరీయే. తీగలోనుంచి వచ్చే కరెంటు, కుండలోకి బొట్లుబొట్లుగా పడే నీరులాగా, దాన్ని కొంచెం కొంచెం నింపుతూ ఉంటుంది. మేము తీగ జోలికి పోకుండా బాటరీని ఇంట్లోనే నింపడానికి నిశ్చయించుకున్నాము.

ఫోనుకు వాడే 5 వోల్టుల చార్జరే దీనికీ సరిపోతుంది. బాటరీని హాలులో, ఎండ తగలని చోట, గట్టి బల్లమీద పెట్టాము. నింపుతున్నంతసేపూ ఎర్ర దీపం, నిండగానే ఆకుపచ్చ దీపం. నిండడానికి ఆరు గంటలు పట్టింది. మా గేటు పడమటి ముఖం. వేసవిలో బెల్లు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఇలాంటి బాటరీని 45 డిగ్రీలకు మించిన వేడిలో నింపకూడదు. అందుకే స్తంభం దగ్గర కాక ఇంట్లో నింపాము. పరుపులమీద, దిండ్లకింద పెట్టి నింపడం కూడా ప్రమాదం.

నింపుతుండగా, "ఇందులో ఎంత కరెంటు పడుతుంది, తాతయ్యా?" అని అడిగింది మనుమరాలు.

బాటరీ మీద 5,200 మిల్లీ ఆంపియర్ గంటలు, 3.6 వోల్టులు అని ముద్రించి ఉన్నది. 5,200 మిల్లీ ఆంపియర్లంటే 5.2 ఆంపియర్లు. దాన్ని 3.6తో హెచ్చించమన్నాను. సుమారు 19 వాట్ గంటలు వచ్చింది. మా హాలులోని ఎల్.ఇ.డి. దీపం 9 వాట్లది. అంటే, ఆ దీపం రెండు గంటల్లో తినేసే తిండితో మా బెల్లు దాదాపు నాలుగు నెలలు కాపలా కాసిందన్నమాట! ఒక యూనిట్ అంటే 1,000 వాట్ గంటలు. నింపేటప్పుడు వేడిగా పోయేది పోయినా, ఒక యూనిట్ కరెంటుతో ఈ బాటరీని నలభై సార్లు నింపవచ్చు. ఒకసారి నింపడానికి రూపాయిలో నాలుగో వంతు కూడా కాదు. అంత చవక తిండి పెట్టడానికి బద్ధకించి నేను గంటల తాతను ఎండలో కూచోబెట్టాను.

ఇంతటి శక్తి ఇంత చిన్న బిళ్లలో ఇమిడి ఉండడం ఒక్కరోజులో జరిగిన పని కాదు. 1800లో ఇటలీ దేశపు అలెస్సాండ్రో వోల్టా, జింకు బిళ్లలనూ వెండి బిళ్లలనూ ఒకదానిమీద ఒకటి పేర్చి, మధ్య మధ్య ఉప్పునీట తడిపిన గుడ్డ పెట్టి మొట్టమొదటి బాటరీ చేశాడు. 1831లో అమెరికాలో జోసెఫ్ హెన్రీ, ఒక గది చుట్టూ మైలుకు పైగా తీగ చుట్టి, ఒక చివర బాటరీ కలిపితే రెండో చివర గంట మోగేటట్లు చేసి చూపాడు. మన కాలింగ్ బెల్లుకు ముత్తాత అదే. మా బెల్లులో ఉన్నది లిథియం అయాన్ బాటరీ. ఇవి 1991లో అమ్మకానికి వచ్చాయి. వీటిని సాధించిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. ఈ బాటరీలో ఒక పక్క గ్రాఫైట్ పొరలు, మరొక పక్క లోహపు ఆక్సైడు పొరలు ఉంటాయి. నింపేటప్పుడు లిథియం అయానులు గ్రాఫైట్ పొరలలోకి పోయి చేరుతాయి. వాడేటప్పుడు తిరిగి ఇవతలికి వస్తాయి. ఇలా కొన్ని వందల సార్లు అటూ ఇటూ తిరగగలవు.

మనుమరాలు కాసేపు ఆలోచించి అసలు ప్రశ్న వేసింది. "మన ఇంటికి రోజుకు నలుగురైదుగురే వస్తారు గదా! ఎవరూ నొక్కనప్పుడు బెల్లుకు తిండి ఎందుకు, తాతయ్యా?"

మంచి ప్రశ్న. పాత కాలింగ్ బెల్లు, నొక్కినప్పుడే కరెంటు తింటుంది. మిగిలిన వేళ దానికి ఆకలే లేదు. వీడియో బెల్లు అలా కాదు. అది ఎప్పుడూ ఒక కంట కునుకు తీస్తూ, ఒక కంట కాపలా కాస్తూ ఉంటుంది. మనుషులూ, పశువులూ, వేడెక్కిన బండ్లూ కంటికి కనపడని పరారుణ కిరణాలను వెదజల్లుతాయి. బెల్లులో వాటిని పసికట్టే చిన్న సాధనం ఒకటి ఉన్నది. అది తినేది బహు తక్కువ. కాని ఎదుట వేడి వస్తువు కదలగానే అది బెల్లునంతా లేపుతుంది. అప్పుడు కెమెరా తెరుచుకుంటుంది, బొమ్మ తీస్తుంది, వైఫై ద్వారా పంపుతుంది. రాత్రిపూట ఐతే చీకట్లో చూడడానికి పరారుణ దీపాలు కూడా వెలిగిస్తుంది. తిండి ఎక్కువగా అయిపోయేది ఇలా లేచినప్పుడే.

"అయితే మన బెల్లు ఎన్నిసార్లు లేస్తున్నదో చూద్దాం," అన్నది మనుమరాలు.

ఫోనులో అన్నీ నమోదవుతూనే ఉంటాయి. ఒక నోటుపుస్తకంలో గళ్లు గీసి, ఏమీ మార్చకుండా వారం రోజులు రాసింది. ఆ వారంలో బెల్లు 412 సార్లు లేచింది. అందులో మా గేటు దగ్గరికి వచ్చిన మనుషులు 31 మందే! మిగిలినదంతా సందులో పోయే మోటారు సైకిళ్లు, ఆవులు, కుక్కలు, ఎండలో ఊగే వేపకొమ్మ. బాటరీ నూటికి ఏడు పాళ్లు తగ్గింది.

రెండో వారం మొదలుపెడుతూ అన్నిటినీ ఒకేసారి మార్చేద్దామన్నది. నేను వద్దన్నాను. రెండు మందులు కలిపి వేస్తే జబ్బు ఏ మందువల్ల తగ్గిందో తెలియదు గదా! బెల్లు చూపును మాత్రం తగ్గించాము. సందంతా చూడకుండా, మా గేటు ముందు రెండు బారల దూరం మాత్రమే చూసేటట్లు ఫోనులో గీత గీశాము. అప్పుడే తెలిసింది, ఇన్నాళ్లూ అది ఎదురింటివారి గుమ్మాన్ని కూడా చూస్తున్నదని. అది మర్యాద కాదు. ఆ వారంలో బెల్లు 96 సార్లే లేచింది. బాటరీ నూటికి మూడు పాళ్లే తగ్గింది. వెనక గదిలో ఉన్న వైఫై పెట్టెను ఆ తరువాత ముందు హాలులోకి మార్చాము. దూరం ఎక్కువై, మధ్య గోడలు అడ్డమైతే, బెల్లు గట్టిగా అరచి కబురు పంపవలసి వస్తుంది. దానికీ శక్తి ఖర్చే.

ఇంతలో పెళ్లిరోజు వచ్చింది. మనుమరాలిని వెంటబెట్టుకుని, తెనాలిలో రేపల్లె బండి ఎక్కి వెళ్లాను. గంటల తాత తెల్లపంచె కట్టుకుని, పందిట్లో అందరినీ పలకరిస్తున్నాడు. నన్ను చూడగానే చేతులు జోడించాడు. కాని ఎప్పటిలాగా నవ్వలేదు. నేను ఆయనను పక్కకు తీసుకువెళ్లి, బెల్లులో బాటరీ అయిపోయిన సంగతీ, ఎర్ర గుర్తును నేను తుడిచేసిన సంగతీ ఏదీ దాచకుండా చెప్పాను.

ఆయన అంతా విన్నాడు. "నిజం చెప్పాలంటే ఆ రోజు మనసు చివుక్కుమన్నది, మేష్టారూ! మీరు అలాంటివారు కారని తోవంతా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు తేలికైంది," అన్నాడు. తరువాత, "ఇంతకీ ఆ గంటకు కీ ఇవ్వడం ఎవరి వంతు?" అని అడిగాడు.

"నాదే."

"ఎప్పుడిస్తారు?"

"ఆగిపోయే ముందు అదే చెబుతుంది," అన్నాను.

గంటల తాత తల అడ్డంగా ఊపాడు. "ఆగిపోయే ముందా! మన బడి గడియారం గుర్తున్నదా, బాబూ? అది ఎనిమిది రోజుల గడియారం. నేను ఎనిమిదో రోజు దాకా ఏనాడూ ఆగలేదు. శనివారం శనివారం, ఏడో రోజునే కీ ఇచ్చేవాణ్ణి. ఒక రోజు ఎప్పుడూ చేతిలో ఉండేది. నాకు జ్వరం వచ్చిన శనివారాలలో ఆ రోజే బడిని కాపాడేది," అన్నాడు.

నేను ముప్ఫై ఏళ్లు ఆ గడియారం చూసి పాఠాలు చెప్పాను. అది ఏ రోజున కీ ఇస్తే నడుస్తున్నదో ఒక్కసారీ అడగలేదు.

లిథియం బాటరీ విషయంలో కూడా ఆయన మాటే సరి అయినది. దీన్ని పూర్తిగా ఖాళీ చేసి నింపాలనే నియమం ఏదీ లేదు. పూర్తిగా ఖాళీ చేయడమే దానికి చెరుపు. ఇప్పుడు మేము నూటికి ముప్ఫై పాళ్లు మిగిలి ఉండగానే నింపుతున్నాము. ప్రతి నెలా మొదటి ఆదివారం అంకె చూసి నోటుపుస్తకంలో రాస్తాను. మా అబ్బాయి రెండో బాటరీ ఒకటి పంపాడు. ఒకటి నిండుతుండగా రెండోది కాపలా కాస్తుంది. ఎందుకైనా మంచిదని మనుమరాలు ఒక అట్టముక్క మీద, "బెల్లు పనిచేయకపోతే దయచేసి ఈ నంబరుకు ఫోను చేయండి. మేము చూసి తీయకపోవడం కాదు," అని అందంగా రాసి గేటుకు కట్టి వెళ్లింది.

పిల్లలూ, మీ ఇంట్లో ఇలాంటి బెల్లు ఉంటే ఈ పనులు పెద్దవారితో కలిసి చేయండి. ఉబ్బిన బాటరీని వాడకండి. దాన్ని గుచ్చడం, విప్పడం ఎన్నడూ చేయకండి. పాడైన బాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. 2022లో వచ్చిన బాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం, తయారుచేసినవారే పాత బాటరీలను తిరిగి సేకరించే ఏర్పాటు చేయాలి. ఎక్కడ తీసుకుంటారో కనుక్కుని అక్కడే ఇవ్వాలి.

దసరాకు గంటల తాత మళ్లీ వచ్చాడు. మీట నొక్కగానే ఇంట్లో గంట గణగణమన్నది. ఫోనులో ఆయన ముఖం కనిపించింది. "వస్తున్నా, తాతా! ఒక్క నిమిషం!" అన్నాను. గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలియక ఆయన స్తంభం చుట్టూ చూశాడు. నేను పరుగున వెళ్లి గేటు తీశాను.

ఆయన లోపలికి రాకుండా, ముందు ఆ నల్లపెట్టె వంక చూసి, "కీ ఇచ్చారా, మేష్టారూ?" అని అడిగాడు.

"మొన్న ఆదివారమే ఇచ్చాను," అన్నాను.